యాప్ బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు

ఈ ఎపిసోడ్ కాలేజీలో ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళకి, యూఎక్స్ డిజైన్ లోకి వెళ్దామనుకునేవాళ్ళకి కొంచెం ఎక్కువ పనికొస్తుంది. మిగతావాళ్ళు కూడా ఉండండి. ఇది మీ చేతిలో ఉన్న ఫోన్ గురించే. ఇంకా చెప్పాలంటే, మీ ఇంట్లో "ఒకసారి ఫోన్ ఇవ్వరా" అని అడిగేవాళ్ళ గురించి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో నేను ఎక్కువగా చూసేది చెప్తాను. ఒక యాప్ చేస్తారు. బాగానే చేస్తారు. చివర్లో "యూజర్ స్టడీ" అని ఒక చాప్టర్ ఉండాలి కదా, అందుకని ఒక గూగుల్ ఫామ్ తయారు చేసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. "రేయ్ ప్లీజ్ రా, రేపే సబ్మిషన్" అని కింద ఒక మెసేజ్. నలభై యాభై మంది నింపుతారు. దాదాపు అందరూ "వెరీ గుడ్" మీదే నొక్కుతారు. దాన్నుంచి రంగురంగుల గుండ్రటి చార్టు ఒకటి వచ్చి రిపోర్టులో కూర్చుంటుంది. ఆ చార్టు వల్ల తెలిసేది ఒక్కటే, మీకు మంచి ఫ్రెండ్స్ ఉన్నారని.

మనుషులు కంప్యూటర్లని, ఫోన్లని ఎలా వాడుతున్నారో చదివే శాఖని హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అంటారు, పొట్టిగా హెచ్‌సీఐ. అందులో లెక్కలతో చేసే పరిశోధన ఒక రకం. ఎన్ని సెకన్లు పట్టింది, ఎంతమంది మధ్యలో వదిలేశారు, ఇలాంటివి. ఇంకో రకం, మనుషులతో మాట్లాడి, వాళ్ళ పక్కన కూర్చుని చూసి, వాళ్ళ మాటల్ని జాగ్రత్తగా చదివి అర్థం చేసుకునేది. దాన్ని క్వాలిటేటివ్ రీసెర్చ్ అంటారు. తెలుగులో గుణాత్మక పరిశోధన. పేరు పెద్దగా ఉంది కానీ దాని మూలం ఒక అనుమానం. మనిషి చెప్పేది ఒకటి, చేసేది ఇంకోటి అయితే ఎలా?

ముందు చెప్పేదాని సంగతి చూద్దాం. 2012 లో నికోలా డెల్, ఇంకొందరు కలిసి ఒక పేపర్ రాశారు. బెంగుళూరులో 450 ఇంటర్వ్యూలు చేశారు. రెండు వస్తువులు చూపించి ఏది బాగుందని అడగడం, అంతే. కానీ వాటిలో ఒకటి ఇంటర్వ్యూ చేస్తున్న మనిషే తయారు చేశాడని తెలిసేలా చేశారు. నిజానికి రెండూ ఒకటే. అయినా ఎదుటి మనిషి చేసిందనుకున్నదాన్నే జనం సుమారు 2.5 రెట్లు ఎక్కువగా ఎంచుకున్నారు. అడిగేది విదేశీ రిసెర్చర్ అయి, పక్కన అనువాదం చేసే మనిషి ఉంటే అది 5 రెట్లు అయింది. ఇంకా విచిత్రం, చూస్తేనే తెలిసిపోయేలా పాడుచేసి చూపించినా "మీదే బాగుంది" అన్నారు.

ఇది విని జనం అబద్ధం చెప్తున్నారనుకోకండి. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు కూరలో ఉప్పు ఎక్కువైతే మనం ఏమంటాం? "బాగుందండీ, ఇంకొంచెం వేయండి" అంటాం. అది మర్యాద. ఐడీ కార్డు మెడలో వేసుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చిన మనిషి ఎండలో నిలబడి "మా యాప్ ఎలా ఉంది" అని అడిగితే, బాలేదని ఎవరంటారు చెప్పండి. అడిగిన ప్రశ్నే అలాంటిది.

(ఒక మాట. నేనిప్పుడు చెప్పిన స్టడీ అంకెలతో చేసినదే. మనుషులతో మాట్లాడటంలో ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో అంకెలే చెప్పాయి. ఈ రెండు పద్ధతులకీ ఏదో గొడవ ఉన్నట్టు కాలేజీల్లో చెప్తుంటారు, నాకైతే అది అనవసరం అనిపిస్తుంది.)

మరి ఎలా అడగాలి? నాకు ఒక కూరగాయల మార్కెట్లో జరిగిన సంభాషణ చెప్తాను. ఆమెని అడిగి, ఒప్పుకున్నాకే చెప్తున్నాను. ఊరూ పేరూ చెప్పను. బండి మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. మొదట మామూలు ప్రశ్నే వేశాను.

"ఈ యాప్ ఎట్లుంది అక్కా?"

"మంచిగనే ఉంది తమ్మీ."

"ఇబ్బంది ఏమన్నా?"

"ఏం లేదు."

గూగుల్ ఫామ్ అయితే ఇక్కడితో అయిపోయేది. ఐదు స్టార్లు. మామూలు ప్రశ్నలు ఇంతవరకే వెళ్తాయి కాబట్టి, తర్వాత యాప్ గురించి అడగడం మానేసి ఆ రోజు పొద్దున గురించి అడుగుతాం.

"పొద్దుగాల నుంచి ఎవరన్నా ఫోన్‌పే కొట్టిండ్రా అక్కా?"

"ఆ, గిప్పుడే ఒకామె కొట్టింది. 30 రూపాయలు."

"పడ్డయని ఎట్ల తెలిసింది?"

"ఆమె ఫోన్ చూపించింది కద. పచ్చగ వచ్చింది."

"మీ ఫోన్‌ల చూసుకోరా?"

"నా ఫోన్‌ల ఏడ చూస్త? ఆ ఫోన్ మా పిలగాని దగ్గర ఉంటది. కాలేజీకి పోయిండు. రాత్రి వచ్చి లెక్క చెప్తడు."

"లెక్క సరిపోతదా?"

కొంచెం ఆగింది. "ఒక్కోసారి తక్కువస్తది. ఏం చేస్తం. అందర్ని అనుమానిస్తమా?"

చూశారా. "మంచిగనే ఉంది" అన్న మనిషి ఆ యాప్‌ని ఒక్కసారి కూడా తెరవలేదు. అకౌంట్ కొడుకుది, ఫోన్ కొడుకుది. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి ఆమెకున్న ఆధారం కొనేవాళ్ళ ఫోన్ స్క్రీన్ మీద పచ్చ రంగు. పాత స్క్రీన్‌షాట్ చూపించినా పచ్చగానే ఉంటుంది. నష్టం ఆమె జేబులోంచి పోతోంది. కంపెనీ సర్వర్లో మాత్రం అన్నీ విజయవంతమైన లావాదేవీలే కనిపిస్తాయి. రాని 30 రూపాయలు ఏ డేటాబేస్ లోనూ ఉండవు.

ఇక్కడ పని చేసిన కిటుకు చిన్నదే. "సాధారణంగా ఎలా చేస్తారు" అని అడగకండి, "చివరిసారి ఎప్పుడు చేశారు, అప్పుడేం జరిగింది" అని అడగండి. సాధారణంగా అన్నప్పుడు మనిషి తన గురించి ఒక మంచి వెర్షన్ చెప్తాడు. ఇవాళ పొద్దున అన్నప్పుడు జరిగింది చెప్తాడు. తర్వాత "ఒకసారి చేసి చూపిస్తారా" అనండి. ఇంకా ముఖ్యం, జవాబు వచ్చాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. నాలుగు సెకన్లు ఆగండి. పైన చివరి మాట ఆ ఖాళీలోనే వచ్చింది.

ఫోన్ ఒకరిది, వాడేది ఇంకొకరు, లాభం నష్టం మరొకరికి. దీని మీద 2010 లోనే నిత్యా సాంబశివన్, ఎడ్వర్డ్ కట్రెల్, కెంటారో టోయామా, బోనీ నార్డీ బెంగుళూరు బస్తీల్లో పని చేసి ఒక పేపర్ రాశారు. మధ్యలో ఒక మనిషి ద్వారా టెక్నాలజీ వాడటం అక్కడ వింతేం కాదు, మామూలు సంగతి. కొన్నిసార్లు ఆ మనిషి మొత్తం పని తనే చేసిపెడతాడు. కొన్నిసార్లు పక్కనుండి కొంత చేసి ఇస్తాడు. కొన్నిసార్లు స్క్రీన్ మీద ఉన్నది చదివి అర్థం చెప్తాడు. మీ ఇంట్లో ఈ మూడు ఉద్యోగాలూ మీవే అయ్యుంటాయి. తాతయ్య పెన్షన్ మెసేజ్ చదివి చెప్పేది మీరే, అమ్మకి గ్యాస్ బుక్ చేసేది మీరే. యాప్ లెక్కలో మాత్రం "యూజర్" అంటే ఒక ఫోన్, ఒక మనిషి.

ఇప్పుడు చేసేదాని సంగతి. దీనికి ఈ రంగంలో అందరూ చెప్పుకునే కథ ఒక జిరాక్స్ మిషన్ ది. మనం ఏ కాపీ మిషన్‌నైనా జిరాక్స్ అంటామే, ఆ కంపెనీకి కాలిఫోర్నియాలో పాలో ఆల్టో అనే ఊళ్ళో ఒక పరిశోధన కేంద్రం ఉండేది. 1980 ల మొదట్లో అక్కడ లూసీ సచ్‌మన్ పని చేసేవారు. ఆమె ఇంజనీర్ కాదు, ఆంత్రోపాలజిస్ట్. అంటే మనుషుల జీవితాల్ని దగ్గరగా గమనించి రాసే శాస్త్రం చదివినావిడ. కొత్త కాపీ మిషన్ కష్టంగా ఉందని ఫిర్యాదులు వస్తున్నాయి. ప్రకటనల్లో మాత్రం ఆకుపచ్చ బటన్ నొక్కితే చాలు అన్నట్టు చెప్పారు.

ఆవిడ జనాన్ని తీసుకొచ్చి ఆ మిషన్ ముందు నిలబెట్టి వీడియో తీశారు. ఒక వీడియోలో ఉన్నది ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు. వాళ్ళలో ఒకరు అలెన్ న్యూవెల్, 1975 లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్న మనిషి. కృత్రిమ మేధ అనే రంగం మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. ఆయనా, ఆయన పక్కనున్నాయనా కాగితానికి రెండు వైపులా కాపీ తీయడానికి నానా తంటాలు పడుతున్నారు. "జనానికి చదువు లేక వాడలేకపోతున్నారు" అనే మాటకి అంతకంటే మంచి జవాబు ఉండదు.

తర్వాత ఆవిడ ఇంకో స్టడీ చేశారు. మిషన్‌కి తోడుగా సూచనలిచ్చే ఒక తెలివైన హెల్ప్ సిస్టమ్ పెట్టారు. దాని ముందు ఇద్దరిద్దర్ని కలిపి కూర్చోబెట్టారు. ఎందుకు ఇద్దరు? ఒక్కడే ఉంటే మనసులో అనుకుంటాడు. ఇద్దరుంటే "ఇదేంటి ఇలా అంటోంది", "మూత తీయమంటోందేమో" అని పైకి మాట్లాడుకుంటారు. ఆ వీడియోలని కాగితం మీద నాలుగు నిలువు వరసల్లో రాశారు. మనుషులు చేస్తున్నవాటిలో మిషన్‌కి తెలియనివి, మిషన్‌కి తెలిసేవి. మిషన్ వైపు నుంచి మనిషికి కనిపించేవి, లోపల దాని డిజైన్ ఆలోచన.

ఆ కాగితం చూస్తే విషయం అర్థమైపోతుంది. మొదటి వరస నిండిపోయి ఉంటుంది, మాటలు, సందేహాలు, చేతులు చూపించుకోవడం. రెండో వరసలో ఎక్కడో ఒకచోట ఒక బటన్ నొక్కడం. మిషన్ ప్రపంచమంతా ఆ బటన్ నొక్కుడే. ఉదాహరణకి మిషన్ అదే సూచన రెండోసారి చూపించిందనుకోండి. దానర్థం "ఇప్పుడు తర్వాతి పేజీకి మళ్ళీ ఇదే చేయి" అనా, "నువ్వు చేసింది తప్పు, మళ్ళీ చేయి" అనా? మనుషులకి తెలియలేదు. వాళ్ళకి తెలియలేదన్న సంగతి మిషన్‌కి తెలియలేదు. 1987 లో ఆవిడ దీన్ని పుస్తకంగా తెచ్చారు, ప్లాన్స్ అండ్ సిచ్యుయేటెడ్ యాక్షన్స్ అని.

నలభై ఏళ్ళ కిందటి ముచ్చట అనుకోకండి. ఓటీపీ కొట్టాక మళ్ళీ అదే ఓటీపీ పేజీ వస్తే అమ్మ ఏమంటుంది? "పోయిందా? డబ్బులు కట్ అయ్యాయా?" అంటుంది. కంపెనీ వాళ్ళ డాష్‌బోర్డులో అది "రెండు ప్రయత్నాలు" అని ఒక అంకె. అమ్మ భయం మొదటి వరసలోనే ఉండిపోయింది.

బెంగుళూరులోనే ఇంకో పని ఉంది, త్వరగా చెప్పేస్తాను. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఇంద్రాణి మేధి, తోటివాళ్ళు కలిసి చదవడం రానివాళ్ళ కోసం అక్షరాలే లేని స్క్రీన్లు తయారు చేశారు. ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళు పని వెతుక్కునే అప్లికేషన్ అందులో ఒకటి. బొమ్మ పెడితే అర్థమైపోతుందని మనం అనుకుంటాం. ఊరికే గిన్నెల బొమ్మ పెడితే అది గిన్నెలే. కుళాయిలోంచి నీళ్ళు పడుతున్నట్టు చూపిస్తే అప్పుడది గిన్నెలు కడిగే పని. అసలు ఈ కంప్యూటర్ తమకి ఎందుకు, దీనివల్ల పని ఎలా దొరుకుతుంది అన్నదే చాలామందికి తెలియట్లేదని కూడా అర్థమై, ముందు ఒక చిన్న నాటకంలాంటి వీడియో పెట్టారు. ఇలాంటివి ఆఫీసులో కూర్చుని తట్టేవి కావు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న, ఎక్కడ కూర్చుని అడుగుతున్నారు? 2018 లో సాంబశివన్, ఇంకొందరు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ లో ఆడవాళ్ళు ఫోన్లో తమ గోప్యతని ఎలా కాపాడుకుంటున్నారో అధ్యయనం చేశారు. ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళ్తుంది. ఇవ్వనంటే అనుమానం. అందుకని ఫోన్‌కి తాళం వేయడం, యాప్‌లకి విడిగా తాళం, కొన్ని మెసేజ్‌లు తుడిచేయడం, ప్రైవేట్ మోడ్ వాడటం, కొన్నిటి జోలికే పోకపోవడం, ఇలా రకరకాలుగా నెట్టుకొస్తున్నారు. ఇవతల నుంచి చూస్తే "మా ఇంట్లో ఫోన్ అందరం వాడతాం" అనే మాటే వినిపిస్తుంది.

ఇప్పుడు ఊహించండి. హాల్లో సోఫా మీద మీరు, ఎదురుగా ఆ ఇంటి కోడలు, పక్క కుర్చీలో అత్తగారు, గుమ్మం దగ్గర భర్త. "మీ ఫోన్ ఎవరైనా చూస్తారా అండీ?" అని అడిగితే ఏం చెప్పాలి ఆ అమ్మాయి? మీరు వెళ్ళిపోయాక ఆ ప్రశ్న ఆ ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి నా పద్ధతి ఏంటంటే, ఒంటరిగా మాట్లాడే వీలు లేకపోతే ఆ ప్రశ్న వేయను. రీఛార్జి గురించి, టీవీ సీరియల్స్ గురించి మాట్లాడి లేచి వస్తాను. డేటా తక్కువొస్తే రానీ. ఫోన్ స్క్రీన్ చూపించమన్నప్పుడు కూడా అంతే, అందులో వేరేవాళ్ళ మెసేజ్‌లు, ఫోటోలు ఉంటాయి. వాళ్ళెవరూ మీకు ఒప్పుకోలేదు. రికార్డర్ ఆపమంటే ఆపేయాలి, ఆపాక చెప్పింది రాయకూడదు. మార్కెట్లో గిరాకీ టైంలో అరగంట తీసుకుంటే ఆ అరగంటకి డబ్బు ఇవ్వాలి.

సరే, మాటలు రికార్డ్ అయ్యాయి. తర్వాత? ఇక్కడ మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఇంటర్వ్యూ తెలుగులో జరుగుతుంది, రిపోర్టు ఇంగ్లీషులో రాస్తాం. మధ్యలో చాలా కారిపోతుంది. "నెట్ అయిపోయింది" అంటే ఇంటర్నెట్ ఆగిపోయిందని రాసేస్తారు. కాదు, ఈరోజు డేటా కోటా అయిపోయింది, లేదా ప్యాక్ అయిపోయింది. డబ్బు సమస్య అది, సిగ్నల్ సమస్య కాదు. "ఫోన్‌పే కొట్టు" అన్నారని ఆ కంపెనీ యాప్ వాడుతున్నారని లెక్క వేసేస్తారు. ఏ యాప్‌లో పంపినా చాలాచోట్ల ఫోన్‌పే కొట్టడమే అంటారు. ఇక "పర్లేదు" ఉంది చూశారూ, అది బాగుందని కాదు, బాలేదనీ కాదు. ఏ గొంతుతో అన్నారన్నదే దానర్థం. అందుకే నేను చెప్పేది, రికార్డింగ్ ని ముందు తెలుగులోనే, వాళ్ళ యాసలోనే, ఆగిన చోట ఆగినట్టు రాసుకోండి. ఒక గంట మాటలకి నాలుగైదు గంటలు పట్టినా పట్టొచ్చు. విసుగే. కానీ సగం విశ్లేషణ ఆ టైపింగ్ లోనే అయిపోతుంది.

తర్వాత ఒక్కో ముక్క పక్కన చిన్న పేరు రాస్తూ వెళ్తారు. దీన్ని కూడా కోడింగ్ అనే అంటారు, ప్రోగ్రామ్ రాయడం కాదు. "కొనేవాళ్ళ స్క్రీన్ ని నమ్మడం", "లెక్క రాత్రికి తెలియడం", "అడగడానికి మొహమాటం". ఇలాంటివి పోగయ్యాక, కలిసేవాటిని కలిపితే పెద్ద అర్థాలు కనిపిస్తాయి, వాటిని థీమ్స్ అంటారు. వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006 లో ఈ పద్ధతి మీద రాసిన పేపర్ ని ఇప్పటికీ అందరూ వాడతారు. అందులో నాకు నచ్చిన సంగతి, థీమ్స్ వాటంతట అవే పైకి తేలవు, తయారు చేసేది మీరే, కాబట్టి ఎలా చేశారో చెప్పే బాధ్యత కూడా మీదే అంటారు.

ఎంతమందితో మాట్లాడాలి అని ప్రతి బ్యాచ్ అడుగుతుంది. ఈ రంగంలో పెద్ద సదస్సు కై. 2014 లో అక్కడ వచ్చిన పేపర్లు తిరగేసి కెల్లీ కేన్ లెక్క వేస్తే, అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన సంఖ్య 12. అది మామూలుగా జరిగేది మాత్రమే, 12 దాటితే పాస్ అని కాదు. కొత్త మనిషితో మాట్లాడినా పాత సంగతులే వస్తుంటే ఆపొచ్చు. కానీ 12 మందితో మాట్లాడి "75 శాతం వినియోగదారులు" అని మాత్రం రాయకండి. 9 మంది అన్నారు, అంతే. ఎంతమందికి ఈ సమస్య ఉందో ఈ పద్ధతి చెప్పదు. ఆ సమస్య ఎలా ఉంటుందో చెప్తుంది. ఎంతమందికో తెలియాలంటే సర్వే చేయండి, అప్పుడు మీ గూగుల్ ఫామ్ లో అడగాల్సిన ప్రశ్న ఏదో మీకు తెలిసుంటుంది.

ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు, ఏఐని "నువ్వు కూరగాయలమ్మే ఆవిడవి, జవాబు చెప్పు" అంటే సరిపోదా అని. చెప్తుంది, బ్రహ్మాండంగా చెప్తుంది. ఇంతకుముందు ఎవరో రాసిపెట్టిన సంగతులే చెప్తుంది. పొద్దున తక్కువొచ్చిన 30 రూపాయల సంగతి ఎవరూ రాయలేదు. పైగా దానికి మర్యాద మనకంటే ఎక్కువ, మీ యాప్ బాగుందనే అంటుంది.

మొదలుపెట్టడానికి పర్మిషన్లు, ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. ఈ వారం ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు ఫోన్ మీద ఏదో ఒక పని చేస్తున్నప్పుడు, కరెంట్ బిల్లో, గ్యాస్ బుకింగో, చూడొచ్చా అని అడిగి పక్కన కూర్చోండి. ఒకే నియమం. "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అనకూడదు. అది చాలా కష్టం, చేతులు దురద పెడతాయి. వాళ్ళు ఎక్కడ ఆగారు, ఆగినప్పుడు ఏమన్నారు, ఎవరిని పిలిచారు, ఏది చూసి భయపడ్డారు, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. పైన తేదీ, టైం వేయండి. పని అయ్యాక వాళ్ళు అడిగితే అప్పుడు సాయం చేయండి. డబ్బు తప్పుగా పోయేలా ఉంటే మాత్రం నియమం పక్కన పెట్టి వెంటనే ఆపండి.

ఆ నోట్స్ దగ్గర పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్ లో అలాంటి ఒక పేజీ తీసుకుని, స్క్రీన్ మీద లైను లైనుకీ కోడింగ్ చేసి చూపిస్తాను. ఉంటాను.